పాత జీపు వెనక కమాన్ కట్టల బిగింపులు: షాకిల్ పొడవు, హ్యాంగర్ మందం, బుష్ రకం ఎలా నిర్ణయించుకోవాలి?

రాళ్ళబాట, సైనిక్‌పురి (ప్రశ్న)

మిత్రులందరికీ నమస్కారం. మా నాన్నగారు ఎన్నో ఏళ్ళు నడిపిన మహీంద్రా ఎం.ఎం. 540 జీపు ఇప్పుడు నా చేతిలో ఉంది. ఇంజను, గేరుబాక్సు బాగానే ఉన్నాయి. నెలకు రెండు మూడు సార్లు వికారాబాద్ వైపున్న మా బంధువుల పొలానికి వెళ్తుంటాను. ఆ పొలానికి చేరాలంటే చివరి నాలుగు కిలోమీటర్లు ఎర్ర మొరం దారి, ఒక ఎండిన వాగు, ఆ తరువాత మోకాలెత్తు బండరాళ్ళ మధ్య ఎక్కుడు దాటాలి. వానాకాలంలో అదే దారిలో నల్లరేగడి చక్రాలకు ముద్దలుగా అంటుకుంటుంది. మిగతా ప్రయాణమంతా మామూలు రోడ్డే కాబట్టి, నా వాడకంలో మూడు వంతులు తారు రోడ్డు, ఒక వంతు రాళ్ళదారి అనుకోవచ్చు.

రెండు వారాల క్రితం వాగు దాటి గట్టెక్కుతున్నప్పుడు వెనక ఎడమ వైపు నుంచి ‘టక్’ మని ఒక దెబ్బ వినిపించింది. ఇంటికి వచ్చాక కిందికి దూరి, కిరోసిన్ గుడ్డతో మట్టి తుడిచి చూస్తే, కమాన్ కట్ట (బండి బరువు మోసే, ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగు) వెనక కొసను పట్టుకుని ఊగే షాకిల్ అనే లింకును ఛాసిస్‌కు పట్టి ఉంచే హ్యాంగర్ బ్రాకెట్ దగ్గర, గతంలో ఎవరో చేసిన వెల్డింగ్ అంచు వెంట వెంట్రుకంత సన్నని పగులు కనిపించింది. అదే బ్రాకెట్‌లో బోల్టు రంధ్రం గుండ్రంగా కాకుండా కోడిగుడ్డు ఆకారంలో సాగి ఉంది. రాడ్డు పెట్టి ఎత్తితే బోల్టు గోరు మందం మేర కదులుతోంది. బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు, అంటే బుష్, దాని లోపలి గొట్టం ఒక పక్కకు జరిగిపోయింది.

మూడు చోట్ల చూపించాను, మూడు రకాల సలహాలు వచ్చాయి. మొదటివారు పగులు మీద మళ్ళీ వెల్డింగ్ చేసి, పనిలో పనిగా 2 అంగుళాల పొడవెక్కువ షాకిల్ వేస్తే బండి పైకి లేస్తుందని, రాళ్ళకు తగలదని అన్నారు. రెండోవారు కమాన్ కట్టలను యాక్సిల్ కింద నుంచి తీసి పైన కూర్చోబెడితే ఇక జీవితాంతం బాధ ఉండదన్నారు. మూడోవారు ఉన్న కొలతలోనే కొత్త హ్యాంగర్ వేసుకుని ఊరుకోమన్నారు. ఈ మూడింటిలో ఏది ఎందుకు మంచిదో ఎవరూ విడమరచి చెప్పలేదు. హ్యాంగర్ ఎంత మందం ఉండాలి, బోల్టుతో బిగించాలా వెల్డింగ్ చేయాలా, బుష్ రబ్బరుదా పాలీయూరిథేన్‌దా, షాకిల్ పొడవు పెంచాలా వద్దా అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాత ఫిట్టర్, ఆటోనగర్

నమస్కారమండీ. ముప్పై ఏళ్ళకు పైగా లారీల, జీపుల కమాన్ పనులు చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ముందు ఏ భాగమూ కొనకండి, ఏ వెల్డరు దగ్గరికీ వెళ్ళకండి. హ్యాంగర్ దానంతట అది పగలదు. దాని మీద పడకూడని దెబ్బ ఏదో పడుతూ వచ్చింది, ఆ దెబ్బ ఎక్కడిదో తెలియకుండా మీరు ఎంత మందమైన ముక్క వేసినా ఇంకో ఏడాదికి అది కూడా పగులుతుంది, లేదా అది నిలిచి ఛాసిస్ పగులుతుంది. రెండోది జరిగితే నష్టం చాలా పెద్దది.

బండిని చదునైన నేల మీద నిలబెట్టి, జాకీలు లేకుండా, నాలుగు చక్రాలూ నేల మీదే ఉండగా కొన్ని కొలతలు తీసి ఇక్కడ పెట్టండి. మొదటిది, వెనక కమాన్ కట్టకు ముందు వైపున్న స్థిరమైన పిన్ను మధ్య నుంచి వెనక హ్యాంగర్ రంధ్రం మధ్య వరకు దూరం, ఎడమ వైపు ఎంత, కుడి వైపు ఎంత. రెండోది, పెద్ద పట్టీ రెండు కళ్ళకూ (పిన్ను పట్టేలా గుండ్రంగా చుట్టిన కొసలకు) మధ్య దారం లాగి పట్టుకుని, ఆ దారానికీ నడుమ పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు దగ్గర పట్టీకీ మధ్య ఎత్తు, అంటే మేము వంపు అనేది. మూడోది, షాకిల్ నిలువు గీతకు ఎన్ని డిగ్రీలు వాలి ఉంది, ముందుకా వెనక్కా. ఫోనులో ఉండే కోణం కొలిచే యాప్‌ను షాకిల్ పలక మీద ఆనించినా సరిపోతుంది. నాలుగోది, షాకిల్ పలక మీద గానీ హ్యాంగర్ పెదవి మీద గానీ ఇనుము ఇనుముకు రాసుకుని మెరుస్తున్న మచ్చ ఏమైనా ఉందేమో టార్చి వేసి చూడండి. ఆ మచ్చ చాలా సంగతులు చెబుతుంది.

ఇక పాత వెల్డింగ్ మీద మళ్ళీ వెల్డింగ్ వేయడం గురించి. పగులు కొసలు కంటికి కనిపించిన చోటే ఆగి ఉంటాయని అనుకోవద్దు. డై పెనెట్రెంట్ అని ఎర్ర రంగు ద్రవం, తెల్ల పొడి స్ప్రే డబ్బాల్లో దొరుకుతాయి. ఎర్రది చల్లి, కాసేపు ఆగి, తుడిచి, తెల్లది చల్లితే పగులు ఎంతవరకు పాకిందో ఎర్ర గీతగా బయటపడుతుంది. పగులు హ్యాంగర్‌లోనే ఉంటే హ్యాంగర్ తీసి పారేయవచ్చు. ఛాసిస్ పలకలోకి దిగి ఉంటే, ఆ కొస దగ్గర 5 లేదా 6 మి.మీ. రంధ్రం వేసి పగులును ఆపి, గ్రైండరుతో గాడి తీసి, లోతు నుంచి నింపుకుంటూ రావాలి. పై పైన పూత పూసినట్టు వేసిన వెల్డింగ్ పగులును దాచుతుంది తప్ప ఆపదు.

దక్కన్ డిగ్రీలు, హబ్సీగూడ

ఫిట్టర్ గారు అడిగిన కొలతలు ఎందుకు అవసరమో లెక్కతో చెప్పే ప్రయత్నం చేస్తాను. నేను మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థులకు పాఠం చెప్పేవాణ్ణి, పాత జీపు యజమానిని కూడా.

కమాన్ కట్ట ఒక విల్లు లాంటిది. బరువు పడినప్పుడు విల్లు చదునవుతుంది, చదునైనప్పుడు దాని రెండు కొసల మధ్య దూరం పెరుగుతుంది. ఒక కొస స్థిరమైన పిన్నుకు కట్టి ఉంటుంది కాబట్టి, పెరిగిన దూరమంతా రెండో కొస దగ్గరే బయటపడాలి. ఆ కదలికకు చోటివ్వడానికే షాకిల్ ఉంది. కళ్ళ మధ్య దూరం 1,065 మి.మీ., వంపు 100 మి.మీ. ఉన్న కట్ట పూర్తిగా చదునైతే కళ్ళ మధ్య దూరం సుమారు 25 మి.మీ. పెరుగుతుంది. వంపును దానితోనే గుణించి, 8 తో హెచ్చవేసి, కళ్ళ మధ్య దూరానికి మూడు రెట్లతో భాగిస్తే ఈ అంకె వస్తుంది, మీరూ సరిచూసుకోవచ్చు.

ఇప్పుడు షాకిల్ రంధ్రాల మధ్య 90 మి.మీ. ఉందనుకుందాం. బండి నిలబడి ఉన్నప్పుడు షాకిల్ కింది కొస 25 డిగ్రీలు వెనక్కు వాలి ఉంటే, అడ్డంగా అది సుమారు 38 మి.మీ. జరిగి ఉన్నట్టు. కట్ట చదునైతే మరో 25 చేరి 63 అవుతుంది, అంటే షాకిల్ సుమారు 44 డిగ్రీలకు వెళ్తుంది. ఇంకా చోటుంది. అదే షాకిల్ నిలబడి ఉన్నప్పుడే 50 డిగ్రీలు వాలి ఉందనుకోండి, అడ్డంగా అప్పటికే 69 మి.మీ. అయిపోయింది. మరో 25 కలిస్తే 94. షాకిల్ మొత్తం పొడవే 90. అంటే వెళ్ళడానికి చోటే లేదు. కట్ట ఇంకా వంగాలని చూస్తుంది, షాకిల్ దాన్ని అడ్డుకుంటుంది, ఆ తన్ను మొత్తం నేరుగా హ్యాంగర్ మీద పడుతుంది. మీరు విన్న ‘టక్’ ఇలాంటిదే కావచ్చునని నా అనుమానం.

షాకిల్ దీనికి విరుద్ధంగా, కింది కొస స్థిరమైన పిన్ను వైపుకు వాలి ఉంటే మరో ఇబ్బంది. ఛాసిస్ బరువు షాకిల్ మీద పై నుంచి నొక్కుతున్నప్పుడు, వెనక్కు వాలిన షాకిల్ పట్టీ కన్నును వెనక్కు నెడుతుంది, అది కట్ట చదును కావడానికి తోడ్పడుతుంది, బండి మెత్తగా నడుస్తుంది. ముందుకు వాలిన షాకిల్ కన్నును లోపలికి నెట్టి కట్టను బిగదీస్తుంది. బండి కర్రలా గట్టిగా ఎగురుతుంది. పైగా చక్రం గుంతలోకి వేలాడినప్పుడు షాకిల్ మరింత లోపలికి తిరిగి, తిరిగి రాలేక ఇరుక్కునే ప్రమాదం ఉంది. అందుకే బండి తన బరువుతో నేల మీద నిలబడినప్పుడు 20 నుంచి 30 డిగ్రీల వరకు వెనక్కు వాలి ఉండేలా హ్యాంగర్ స్థానం చూసుకోవడం మంచిదని నేను అనుకుంటాను.

షాకిల్ పొడవు పెంచే విషయం. యాక్సిల్ రెండు కళ్ళకూ సుమారు మధ్యలో ఉంటుంది కాబట్టి, 2 అంగుళాల పొడవెక్కువ షాకిల్ వేస్తే బండి పైకి లేచేది 1 అంగుళమే. కానీ కట్ట మొత్తం ఒక వైపు 50 మి.మీ. కిందికి దిగడం వల్ల యాక్సిల్ 2.7 డిగ్రీలు తిరిగిపోతుంది. వెనక యాక్సిల్‌కు షాకిల్ వెనక వైపున ఉంటుంది కాబట్టి పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి కలిసే గేరు) ముక్కు అంత మేర పైకి లేస్తుంది. ఇంజను శక్తిని యాక్సిల్‌కు తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు చివర్ల క్రాసులూ (వంగే కీళ్ళు) ఒకే కోణంలో పని చేస్తేనే అదురు ఉండదు. ఆ సమతూకం చెడితే 60 దాటాక నేల అదురుతుంది, క్రాసులు త్వరగా అరిగిపోతాయి. 1 అంగుళం ఎత్తు కోసం ఇంత మూల్యం ఎందుకన్నది ఆలోచించాలి. పినియన్‌ను తిరిగి సరిచేసే చీలికలు, అంటే యాక్సిల్‌కూ కట్టకూ మధ్య పెట్టే వాలు పలకలు దొరుకుతాయి. కానీ అక్కర్లేని మార్పు చేసి దానికి మరో మార్పుతో మందు వేయడం నాకు నచ్చదు.

బోల్టుల గురించి ఒక మాట. చాలామంది బోల్టు తెగిపోతుందేమోనని భయపడి మందం పెంచుతారు. 8.8 గ్రేడు 12 మి.మీ. బోల్టు మరలేని భాగంలో ఒక్క అడ్డకోతకే సుమారు 5 టన్నులకు పైగా తట్టుకుంటుంది, షాకిల్‌లో అది రెండు చోట్ల పట్టుకుంటుంది. 1,400 కిలోల బండి అనుకుంటే నిలకడగా ఒక్కో పట్టీ కన్ను మీద పడేది 175 కిలోలే. రాళ్ళ దెబ్బకు దాన్ని ఎన్నో రెట్లు పెంచుకున్నా బోల్టు తెగే అవకాశం తక్కువ. ముందు చెడేది రంధ్రం. బోల్టు వదులుగా ఉంటే పలక అంచు మీద సుత్తితో కొట్టినట్టు కొడుతూ రంధ్రాన్ని సాగదీస్తుంది. కాబట్టి బోల్టు లావు కన్నా ముఖ్యం, రంధ్రంలో అది బిగువుగా కూర్చోవడం, మర భాగం పలకలోకి రాకుండా నున్నటి భాగమే పలకను తాకడం.

జిప్సీ ప్రయాణికుడు, మియాపూర్

పొడవెక్కువ షాకిల్ గురించి నా అనుభవం చెప్పకుండా ఉండలేకపోతున్నాను, ఎందుకంటే ఆ పొరపాటు నా కుటుంబాన్ని ప్రమాదంలో పడేసేది.

నాది మారుతీ జిప్సీ. దానికి ముందు కట్టల షాకిల్ ముందు వైపునే ఉంటుంది. పెద్ద టైర్లు పట్టాలని ఒక వర్క్‌షాప్‌లో ముందు, వెనక కూడా 2 అంగుళాల పొడవెక్కువ షాకిల్ వేయించుకున్నాను. చూడ్డానికి బండి నిటారుగా, అందంగా నిలబడింది. అవుటర్ రింగ్ రోడ్డు మీద 80 దగ్గర స్టీరింగ్ చేతిలో నిలవడం మానేసింది. ఎడమకు పోతే కుడికి తిప్పాలి, తిప్పితే మరీ కుడికి పోతుంది. పక్కన లారీ దాటినప్పుడు ఆ గాలికి బండి ఒక లేను మేర జరిగింది. వెనక సీట్లో మా అమ్మగారు, పిల్లలు ఉన్నారు. పక్కకు ఆపి, చేతుల వణుకు తగ్గేదాకా కూర్చున్నాను.

తరువాత తెలిసిన కారణం ఇది. ముందు వైపు షాకిల్ పొడవు పెంచితే కట్ట ముందు కొస కిందికి దిగి, యాక్సిల్ పై భాగం ముందుకు తిరుగుతుంది. స్టీరింగ్ తనంతట తాను తిన్నగా రావడానికి ఉపయోగపడే క్యాస్టర్ కోణం ఆ మేరకు తగ్గిపోతుంది. ఇలాంటి బండ్లలో ఉండేదే రెండు మూడు డిగ్రీలు. ముందు కట్టలు వెనకవాటి కంటే పొట్టివి కాబట్టి, కళ్ళ మధ్య 920 మి.మీ. ఉన్న కట్టకు 50 మి.మీ. పెంచితే 3 డిగ్రీలు పోతాయి, అంటే దాదాపు మొత్తం. మరుసటి రోజే పాత షాకిల్ తిరిగి బిగించాను.

మరొకటి కూడా గమనించండి. బండి నిర్మాణాన్ని తయారీదారు ఇచ్చిన కొలతల నుంచి మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను పరిధిలోకి వస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా విధించే వీలు వచ్చింది. ఉన్న కొలతలో అరిగిన భాగాన్ని మార్చుకోవడం మరమ్మతు. కట్టలను యాక్సిల్ పైకి మార్చి బండిని 5 అంగుళాలు లేపడం మరమ్మతు కాదు. బీమా క్లెయిము వేళ ఈ తేడా చాలా పెద్దదవుతుంది.

కొండరాయి, చర్లపల్లి

కట్టలను యాక్సిల్ పైన కూర్చోబెట్టే పని నేను చేయించిన వాణ్ణి. ఆ బండి పూర్తిగా ప్రైవేటు స్థలంలో రాళ్ళ పోటీలకే వాడతాను, ట్రాలీ మీద తీసుకెళ్తాను. సుమారు 5 అంగుళాలు లేచింది నిజమే, కానీ లేపినవారు మిగతా జాబితా చెప్పరు. యాక్సిల్ గొట్టం మీద కొత్త ఆసనాలు పినియన్ కోణం చూసుకుని వెల్డింగ్ చేయాలి. బ్రేకు గొట్టాలు పొడవు మార్చాలి, షాక్ అబ్సార్బర్లు మార్చాలి, స్టీరింగ్ లింకు వాలు సరిచేయకపోతే ప్రతి గుంతకూ బండి దానంతట అది తిరుగుతుంది. అన్నిటికన్నా బాధ పెట్టినది, రాయి ఎక్కేటప్పుడు యాక్సిల్ మెలి తిరగడం. చక్రం ముందుకు తిరిగితే యాక్సిల్ హౌసింగ్ వెనక్కు తిరగాలని చూస్తుంది, కట్ట పైన ఉన్నప్పుడు ఆ మెలికకు పట్టు ఎక్కువ దొరికి పట్టీలు ఆంగ్లపు ఎస్ అక్షరంలా వంగుతాయి. దాన్ని ఆపడానికి యాక్సిల్ నుంచి ఛాసిస్‌కు ఒక ట్రాక్షన్ బార్ వేయించాల్సి వచ్చింది. మూడు వంతులు రోడ్డు మీద నడిచే బండికి ఇది వద్దు.

బుష్ విషయంలో మాత్రం నా మాట కొంచెం వేరు. వెనక కట్ట ముందు పిన్ను దగ్గర పాలీయూరిథేన్ బుష్ వేస్తే యాక్సిల్ ముందుకూ వెనక్కూ జరగడం తగ్గుతుంది, బండి తిన్నగా పోతుంది. షాకిల్ వైపు రబ్బరే మేలు. రాళ్ళ మీద ఒక చక్రం ఎక్కి ఒకటి దిగినప్పుడు కట్ట మెలి తిరుగుతుంది, ఆ మెలికను రబ్బరు మింగినంతగా పాలీ మింగదు, ఆ బలం హ్యాంగర్ చెంపల మీదికి పోతుంది.

పాత ఫిట్టర్, ఆటోనగర్

కొండరాయి గారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. పాలీ బుష్ గొట్టం చుట్టూ తిరుగుతూ పని చేస్తుంది కాబట్టి దానికి గ్రీజు కావాలి. వికారాబాద్ వైపు ఎర్ర దుమ్ములో, వానాకాలం బురదలో నెల రోజుల్లో ఆ గ్రీజు సాన పట్టే పేస్టు అవుతుంది. ప్రతి వారం గ్రీజు గన్ పట్టే ఓపిక ఉన్నవారికే అది. ఇంటి బండికి నాలుగు చోట్లా రబ్బరే వేయమంటాను.

రబ్బరు బుష్ ఎందుకు త్వరగా చస్తుందో చెబితే చాలామందికి ఉపయోగపడుతుంది. దాని లోపలి ఇనుప గొట్టం బోల్టు బిగించగానే బ్రాకెట్ చెంపల మధ్య కదలకుండా పట్టుకుపోతుంది. తరువాత కదలికంతా రబ్బరు మెలి తిరగడం ద్వారానే జరగాలి. బండిని జాకీ మీద పెట్టి, యాక్సిల్ వేలాడుతుండగా బోల్టు బిగించేస్తే, కిందికి దించగానే షాకిల్ తిరుగుతుంది, రబ్బరు ఎప్పటికీ మెలితిరిగిన స్థితిలోనే బతుకుతుంది. అందుకే చేత్తో తిరిగేంత వరకే నట్లు వేసి, బండిని చక్రాల మీదికి దించి, ముందుకూ వెనక్కూ నాలుగడుగులు నెట్టి, అప్పుడు చివరి బిగింపు ఇవ్వాలి. మీకు అనుమానం ఉంటే బుష్ అంచు నుంచి బ్రాకెట్ మీదికి సుద్దముక్కతో ఒక గీత గీసి దించి చూడండి, ఆ గీత ఎంత విడిపోతుందో మీ కళ్ళతోనే చూస్తారు.

రాళ్ళబాట, సైనిక్‌పురి

అందరికీ ధన్యవాదాలు. ఆదివారం పొద్దున్న మా అపార్ట్‌మెంటు సెల్లారులో మా తమ్ముడితో కలిసి రెండు గంటలు కొలతలు తీశాను.

దారం లాగి చూస్తే వెనక కుడి కట్టలో వంపు 70 మి.మీ. ఉంది, ఎడమ కట్టలో 40 మి.మీ. మాత్రమే మిగిలింది. షాకిల్ కుడి వైపు 30 డిగ్రీలు, ఎడమ వైపు 48 డిగ్రీలు వెనక్కు వాలి ఉంది. ఫిట్టర్ గారు చెప్పిన మెరిసే మచ్చ ఎడమ వైపు దొరికింది. గతంలో హ్యాంగర్ పెదవి మీద బలం కోసమని అతికించిన పలక అంచు దగ్గర, రూపాయి బిళ్ళలో సగమంత మేర ఇనుము అద్దంలా మెరుస్తోంది, షాకిల్ పలక మీద దానికి ఎదురుగా అంతే మచ్చ ఉంది.

అన్నిటికన్నా ఆశ్చర్యపరిచినది మొదటి కొలత. ముందు పిన్ను నుంచి హ్యాంగర్ రంధ్రం వరకు దూరం కుడి వైపు కంటే ఎడమ వైపు 14 మి.మీ. తక్కువ ఉంది. మూడు సార్లు కొలిచాం, అదే వచ్చింది. పాత మరమ్మతులో హ్యాంగర్‌ను అంత ముందుకు జరిపి అతికించారన్నమాట.

దక్కన్ డిగ్రీలు, హబ్సీగూడ

మీ కొలతలు ఒకదానితో ఒకటి సరిగ్గా కుదురుతున్నాయి. ఎడమ కట్ట దిగబడి చదునైనందువల్ల కుడి కట్టతో పోలిస్తే దాని కన్ను 8 మి.మీ. వెనక్కు పోయింది, హ్యాంగర్ 14 మి.మీ. ముందుకు వచ్చింది. రెండూ కలిసి 22 మి.మీ. 90 మి.మీ. షాకిల్‌కు 30 డిగ్రీల దగ్గర 45 మి.మీ. అయితే, దానికి 22 కలిపితే 67, అది 48 డిగ్రీలే. మీరు కోణం కొలవకపోయినా మిగతా కొలతలు ఆ అంకెనే చెబుతున్నాయి. వాగు గట్టు మీద కట్ట పూర్తిగా చదునైనప్పుడు షాకిల్ మరికొంత వాలి, ఆ అతుకు పలకను తాకింది. పగులు వచ్చిన చోటు కూడా అదే.

కాబట్టి మీ ప్రశ్నకు సమాధానం షాకిల్ పొడవులో లేదు. ముందు కట్టలు, తరువాత హ్యాంగర్, ఈ వరసలోనే వెళ్ళండి. దిగబడిన కట్టకు సరిపోయేలా హ్యాంగర్ పెడితే, రేపు కొత్త పట్టీలు వేసినప్పుడు కోణం మళ్ళీ తప్పుతుంది. రెండు వైపులా కట్టలు మార్చండి, ఒక్క ఎడమదే మారిస్తే బండి కుడికి ఒరుగుతుంది. పట్టీల మందం మాత్రం పెంచవద్దు. గట్టిదనం మందం ఘనం (మందాన్ని మూడు సార్లు గుణిస్తే వచ్చేది) లెక్కన పెరుగుతుంది కాబట్టి 6 మి.మీ. పట్టీ స్థానంలో 7 మి.మీ. వేస్తే ఆ పట్టీ దాదాపు 1.6 రెట్లు గట్టిపడుతుంది, రాళ్ళ మీద చక్రం నేలను వదిలి లేస్తుంది. వీలైతే రెండో పట్టీ కొస మొదటి పట్టీ కన్నును చుట్టుకుని ఉండే రకం అడగండి, పెద్ద పట్టీ కన్ను దగ్గర విరిగినా రెండోది పట్టుకుని యాక్సిల్‌ను జారిపోనివ్వదు. ఆ ఒక్క జాగ్రత్త నిర్మానుష్యమైన దారిలో మిమ్మల్ని ఇంటికి చేరుస్తుంది.

పాత ఫిట్టర్, ఆటోనగర్

లెక్క సరిగ్గా ఉంది. ఇక హ్యాంగర్ చేయించే పద్ధతి చెబుతాను. 6 మి.మీ. మైల్డ్ స్టీలు పలక చాలు. అంతకంటే మందం వేస్తే హ్యాంగర్ నిలిచి పాత ఛాసిస్ పలుచని పలక చిరుగుతుంది. హ్యాంగర్‌ను నేరుగా ఛాసిస్‌కు అతికించకుండా, ముందు అడుగున ఒక ఆధార పలకను ఛాసిస్ నిలువు ముఖానికి వేసి, హ్యాంగర్ దాని మీద రావాలి. ఆ పలక కొసలు తిన్నగా కోసినట్టు ఉండకూడదు, చేప తోకలా వాలుగా తీయాలి, మూలలు గుండ్రం చేయాలి. ఛాసిస్ ఎత్తుకు అడ్డంగా నిలువు వెల్డింగ్ గీత వేయవద్దు, ఛాసిస్ అక్కడే బిస్కెట్టులా విరుగుతుంది. కింద, పై అంచుల చదును భాగాల మీద వెల్డింగ్ కూడా రంధ్రం కూడా వద్దు. బోల్టులు నిలువు ముఖంలోనే వేయండి. ఛాసిస్ ఆ చోట పెట్టెలా మూసి ఉంటే, బోల్టు బిగింపుకు గోడలు లోపలికి నొక్కుకోకుండా మధ్యలో ఒక గొట్టం ముక్క పెట్టండి.

సీఓటూ (కార్బన్ డై ఆక్సైడ్ వాయువుతో చేసే) వెల్డింగ్ ఉన్న చోట చేయించండి, లేదా 7018 రకం వెల్డింగ్ రాడ్డు ఎండబెట్టి వాడేవారి దగ్గర చేయించండి. బ్యాటరీ తీగలు ముందే తీసేయండి. కట్టలు బండికి ఉండగా వెల్డింగ్ చేయనివ్వవద్దు. ఒక్క నిప్పురవ్వ పట్టీ మీద పడి ఒక చోట వేడెక్కినా అక్కడి ఉక్కుకు పెట్టిన పదును పోతుంది, పట్టీ ఆ మచ్చ దగ్గరే విరుగుతుంది.

హ్యాంగర్‌ను ముందు రెండు చుక్కల వెల్డింగుతో మాత్రమే నిలిపి, కొత్త కట్టలు వేసి, బండిని నేల మీదికి దించి కోణం చూసుకున్నాకే పూర్తి చేయాలి. పూర్తి చేసేటప్పుడు మాత్రం కట్టలు మళ్ళీ విప్పాలి. రెండు సార్లు పని అవుతుంది, ఆ రోజు మీరు దగ్గరుండి చేయించండి.

రాళ్ళబాట, సైనిక్‌పురి

నిన్నటితో పని అయిపోయింది. డై పెనెట్రెంట్ చల్లి చూస్తే పగులు ఛాసిస్‌లోకి దిగలేదు, హ్యాంగర్‌లోనే ఆగిపోయింది, అది చూశాక చాలా కుదుటపడ్డాను. రెండు వైపులా కొత్త కట్టలు, పాత పొడవు షాకిల్, ఎడమ వైపు చేప తోక పలకతో కొత్త హ్యాంగర్, నాలుగు చోట్లా రబ్బరు బుష్ వేశాం. బోల్టులు, సులువుగా వదులుకాని నైలాక్ నట్లు రాణీగంజ్‌లో తెచ్చుకున్నాను, బోల్టు తల మీద 8.8 అని ముద్ర ఉన్నవే తీసుకున్నాను. బండి నేల మీద నిలబడితే వంపు రెండు వైపులా 85 మి.మీ., షాకిల్ ఎడమ వైపు 26, కుడి వైపు 25 డిగ్రీలు. ఎడమ వైపు బండి దాదాపు 2 అంగుళాలు లేచింది. ఇన్నాళ్ళూ అది ఒరిగి నడుస్తోందని నాకు తెలియనేలేదు.

ఒక చివరి సందేహం. కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు కొత్తవే వేశాం. వాటిని ఎప్పుడు మళ్ళీ బిగించాలి?

పాత ఫిట్టర్, ఆటోనగర్

కొత్తవి వేసి మంచి పని చేశారు, ఒకసారి బిగించి సాగిన యూ బోల్టు మళ్ళీ అదే పట్టు ఇవ్వదు. మొదటి 100 కిలోమీటర్లకు ఒకసారి, 500 దగ్గర ఇంకోసారి, బండి చక్రాల మీద ఉండగానే, నాలుగు నట్లను ఎదురెదురు మూలల వరసలో టార్క్ స్పానరుతో చూడండి. కొత్త పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకునేటప్పుడు కట్ట మందం కొంచెం తగ్గుతుంది, నట్లు ఆ మేరకు వదులవుతాయి. వదులైన యూ బోల్టుతో రాళ్ళెక్కితే యాక్సిల్ తన్ను మొత్తం సెంటర్ బోల్టు మీద పడి అది తెగుతుంది. ఆ రెండు బిగింపులూ అయ్యేదాకా పొలం దారికి వెళ్ళకండి, రోడ్డు మీదే తిప్పండి.

షాకిల్ దగ్గర సుద్దతో ఒక గీత గీసి ఉంచండి. వాగు దాటి వచ్చిన మొదటిసారి చూసి, గీత తిరిగి అదే చోటికి వచ్చిందో లేదో ఇక్కడ రాయండి.